కెమెరాకి కాటుక చుక్క

పొద్దుటి నుంచి ఏసోబుకి ఏదీ కలిసిరావడం లేదు. బండలాగుడు పందేల్లో మొదటి జత ఎడ్లని వీడియో తీస్తే, సగం నుంచి బొమ్మంతా సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది. కెమెరా వెనక వెలుతురు సరిచేసే చక్రం ఎప్పుడు తిరిగిపోయిందో ఏమో! ఎండలో తెర సరిగ్గా కనపడదాయె. తెలిసేసరికి పరుగు అయిపోయింది. ఎడ్లాయన నానా తిట్లూ తిట్టి పోయాడు.

ఇక చివరి జత మాణిక్యమ్మది. ఆమె వెతుక్కుంటూ వచ్చి మరీ చెప్పింది.

"రేపు తెల్లారితే కొన్నవాళ్ళు తోలుకుపోతారు నాయనా. ఇంక నాకు మిగిలేది నువ్వు తీసే బొమ్మే. జాగ్రత్తగా తియ్యి."

ఆ మాట వినగానే ఏసోబు తన గురువు కాశింపీరా దగ్గరికి పరుగెత్తాడు. ఆ చుట్టుపక్కల కెమెరా పట్టినవాళ్ళలో సగంమంది ఆయన చేతికింద తయారైనవాళ్ళే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని ఆయన కెమెరా ముట్టడం లేదు.

"జనం తోసేస్తున్నారు గురువుగారూ. మెడ పట్టీ గీసుకుంటోంది. అసలు ఈ కెమెరాకే ఎవరి పాడు కళ్ళో తగిలాయి. నావల్ల కాదు, ఇంకెవరినైనా పిలిపించండి."

"దిష్టంటావా?"

"దిష్టే."

"మరి ముందే చెప్పొద్దూ!"

పక్కనే మాణిక్యమ్మ తన తెల్లెడ్ల నొసట కాటుక చుక్కలు పెడుతోంది. కాశింపీరా ఆ భరిణెలో వేలు ముంచి, కెమెరా వెనక చక్రానికి దట్టంగా పూశాడు.

"ఇప్పుడు దిగే జతవాళ్ళు వీడియో అడగలేదు. అయినా తియ్యి."

ఈలలు మోగాయి. బండ కదిలింది, దుమ్ము లేచింది. ఏసోబు ఊపిరి బిగబట్టి తీశాడు. ఎడ్లు ఆగాక నీడలోకి పోయి చూసుకుంటే, సగం నుంచి మళ్ళీ తెలుపే.

"కాటుక కూడా పనిచెయ్యలేదు గురువుగారూ! నా బతుకింతే!" ఏడుపొచ్చేసింది అతనికి.

"కాటుకేదిరా?"

చక్రం మీద సగానికి సగం చెరిగిపోయి ఉంది. "ఎటు పోయిందో..." అంటూ కళ్ళు తుడుచుకోబోయి ఆగిపోయాడు. కుడిచేతి బొటనవేలు నల్లగా ఉంది.

కాశింపీరా జేబులోంచి టేపు చుట్ట తీసి అందించాడు. ఏసోబు వెలుతురు సరిచూసుకుని, చక్రం కదలకుండా టేపు అంటించాడు.

మాణిక్యమ్మ ఎడ్లు బరిలోకి దిగాయి. మధ్యలో బండ మొరాయించింది. ఎడ్లు మోకాళ్ళ మీదికి వంగి లాగుతుంటే జనం ఒకటే గోల. ఏసోబు బొటనవేలు బిగుసుకుని సరిగ్గా చక్రం మీదికే పోయింది. టేపు తగిలింది.

పరుగయ్యాక మాణిక్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. నొసటి చుక్కలతో సహా కనపడుతున్నాయి ఎడ్లు. మళ్ళీ వెయ్యమని ఇంకోసారి చూసింది. తర్వాత కళ్ళొత్తుకుని భరిణె తెరిచింది.

"బంగారంలాంటి కెమెరా నాయనా. ఉండు, దీనికో చుక్క పెడతాను."

ఏసోబు గురువు వైపు చూశాడు. కెమెరాని వెనక్కి తీసుకుని బొటనవేలు చాపాడు.

"దానికొద్దమ్మా. దీనికి పెట్టు."