మొగ దగ్గర మూడు బోట్లు

అడిగిన మాటకు ఖుద్దూస్ మాస్టారు అప్పటికప్పుడు జవాబు చెప్పినట్టు ఆయన శిష్యుల్లో ఎవరికీ గుర్తులేదు. ముప్పై నాలుగేళ్లు ఒక దినపత్రికకు ఫొటోలు తీసి రిటైరైన తర్వాత ఆయన బందరులో తన ఇంటి వరండాలోనే ఫొటోగ్రఫీ నేర్పేవారు. ఎవరైనా ఏదైనా అడిగితే లెన్సు తుడుస్తూ వినేవారు. తుడవడం అయ్యాక, “రేపు ఎక్కడుంటావు?” అనేవారు. మర్నాడు అక్కడికి వచ్చేవారు.

ఒక ఏడాది ఏప్రిల్ పదమూడున సుభాషిణి అనే శిష్యురాలు అడిగింది: “మాస్టారూ, ఈ కెమెరాతో స్క్రీన్ చూసి తీయాలా, వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి తీయాలా? ఏదో ఒకటి తేల్చండి.”

ఈ విషయంలో శిష్యులు అప్పటికే రెండు జట్లు. సుభాషిణిది స్క్రీన్ జట్టు. ఫొటోలో వెలుతురు ఎంత పడుతుందో, రంగు ఎలా వస్తుందో బటన్ నొక్కకముందే స్క్రీన్ చూపిస్తుందని ఆమె వాదన. వ్యూఫైండర్ మీద ఆమె ఫిర్యాదు ఇంకా సూటిగా ఉంది. “బటన్ నొక్కగానే లోపలి అద్దం పైకి లేస్తుంది, కంటికి చీకటి. ఫొటో పడేదేమో ఆ చీకట్లోనే. అసలు కావలసిన క్షణంలోనే గంతలు కట్టేస్తే ఎలా మాస్టారూ?”

అప్పుడు మాస్టారు బల్ల మీద ఒక కలంకారీ చెక్క అచ్చును పెట్టి, స్క్రీన్ మీద దాని గీతలను పెద్దవి చేసి చూసుకుంటూ ఫొటో తీస్తున్నారు. అది చూసి ఆమెకు బలం వచ్చింది. “మీరూ స్క్రీనే చూస్తున్నారుగా?”

“ఈ అచ్చు ఎక్కడికీ పరిగెత్తదు కదమ్మా,” అని, ఆయన లెన్సు తుడవడం మొదలుపెట్టారు. కాసేపటికి, “రేపు ఎక్కడుంటావు?” అన్నారు.

“మొగ దగ్గర,” అంది సుభాషిణి. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో హుషారు లేదు.

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. చేపల వేటకు వెళ్లే బోట్లకు దారి అదొక్కటే. మూడేళ్లుగా అక్కడ ఇసుక మేట వేస్తోంది. అల వెనక్కి లాగినప్పుడు బోటు అడుగు ఇసుకకు కొట్టుకుంటుంది. ‘ఒకటి’ అనేలోగా తర్వాతి అల వచ్చి దాన్ని ఎత్తేస్తుంది. కిందటేడు అలా కొట్టుకునే ఒక బోటు చీలిపోయి, బోటు నడిపే సరంగు ఒకతను, పోతురాజు, తన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. పూడిక తీయించమని మత్స్యకారులు అర్జీలు పెడుతూనే ఉన్నారు. ఫోనుతో తీసిన వీడియో కూడా చూపించారు. సంబంధిత అధికారి దాన్ని రెండుసార్లు చూసి, “నీళ్లు తప్ప నాకేమీ కనపడటం లేదు. బోట్లు రోజూ వచ్చిపోతూనే ఉన్నాయిగా,” అన్నాడు. నిర్ణయం తీసుకునే సమావేశం ఏప్రిల్ పదిహేను ఉదయం. ఏటా ఉండే వేట నిషేధం మొదలయ్యేదీ ఆ రోజే. ఆపైన రెండు నెలలు మొగలో ఒక్క బోటూ కదలదు. ఇసుకను తాకుతున్న బోటు ఫొటో ఒక్కటి కావాలి. సుభాషిణి పనిచేసే పత్రిక ఆ పని ఆమెకు అప్పజెప్పింది. రెండు రోజులు తిరిగి ఆమె నూట పన్నెండు ఫొటోలు తెచ్చింది. అన్నింటిలోనూ బోటు తాకకముందు ఉంది, లేదా తాకి తేలాక ఉంది. బటన్ నొక్కి పట్టుకుంటే ఆ పాత కెమెరా గబగబా నాలుగు తీసి, సరిగ్గా తాకే వేళకు ఆగిపోయేది.

పద్నాలుగున మధ్యాహ్నం మూడింటికి మాస్టారు గొడుగు వేసుకుని ఇసుకలో నడుచుకుంటూ వచ్చారు. నీళ్ల అంచున మోకాలి దాకా తడిసి పోతురాజు నిలబడి ఉన్నాడు. తమ్ముడు పోయినప్పటి నుంచీ అతను వేటకు వెళ్లడం లేదు. బోట్లు తిరిగొచ్చే వేళకు ఇక్కడికొచ్చి ఎర్ర తువ్వాలు పట్టుకుని నిలబడతాడు. తువ్వాలు పైకెత్తితే ఆగమని, దించితే రమ్మని. లోపలున్న సరంగులు ఇంకెవరి మాటా వినరు, అతని తువ్వాలు మాట వింటారు.

“రండి మాస్టారూ,” అన్నాడు పోతురాజు. “మీ శిష్యురాలు రెండు రోజుల నుంచి మా బోట్లకి పెళ్లి ఫొటోలు తీస్తంది. ఒక్కదాంట్లోనూ బోటుకి చిన్న గీత కూడా పడలేదు. ఇయ్యి సూపిస్తే ఆ ఆఫీసరు మా మొగని మెచ్చుకుని బహుమతి ఇస్తాడు.”

ఇంకా మూడు బోట్లు రావాలి. సుభాషిణి కెమెరాను స్టాండుకు బిగించి, ఎండ వెనక నుంచి స్క్రీన్ మీద పడుతుంటే చున్నీని తల మీదుగా దానిపైకి కప్పుకుని లోపలికి దూరింది.

మొదటి బోటు వచ్చింది. అల లాగింది. బోటు ఓ పక్కకు ఒరిగింది. ఆమె నొక్కింది.

“చూశావా?” అన్నారు మాస్టారు.

“చూశాను మాస్టారూ! అడుగు ఇసుకలో కూర్చుంది, కళ్లారా చూశాను.”

“అయితే రాలేదు,” అన్నారాయన.

రాలేదు. తీసిన ఫొటోలో బోటు అల మీద నిటారుగా ఉంది. స్క్రీన్ మీదికి బొమ్మ రెప్పపాటు ఆలస్యంగా వస్తుంది. అది చూసి వేలు కదలడానికి ఇంకో రెప్పపాటు పడుతుంది. సుభాషిణి చున్నీ తీసి నడుముకు కట్టుకుంది, స్టాండును పక్కన పడేసింది, కెమెరాను కంటికి ఆనించింది. రెండో జట్టు గెలిచిందన్న కోపం కూడా ఆ చేతుల్లో కనిపించింది.

రెండో బోటు. వ్యూఫైండర్‌లో ఆలస్యం లేదు. ఉన్నది ఉన్నట్టు కనిపించింది. ఒరగడం కనిపించింది, అడుగు కనిపించింది. ఆమె నొక్కింది.

“చూశావా?”

“చూశాను.”

“రాలేదు.”

ఈసారీ రాలేదు. ఆమె చూసి నొక్కేలోగా బోటు తేలిపోయింది. ఆమె కెమెరా దించి ఆయన వైపు తిరిగింది. “దాంట్లో చూసినా రాదు, దీంట్లో చూసినా రాదు. ఇంకెక్కడ చూడాలి మాస్టారూ? ఉన్నది ఇంకొక్క బోటు!”

మాస్టారు గొడుగు కొనతో పోతురాజును చూపించారు.

ఆమె నీళ్లలోకి దిగి అతని పక్కన నిలబడింది. మూడో బోటు దూరంగా ఆగి ఊగుతోంది. పోతురాజు తువ్వాలు ఎత్తి పట్టుకున్నాడు. రెండు రోజులుగా ఆ మనిషి పక్కనే ఉన్నా ఆమె గమనించనిది ఒకటి ఇప్పుడు కనిపించింది: అతను బోటును చూడటం లేదు. బోటు వెనక, ఇంకా ఇటు రాని నీళ్లను చూస్తున్నాడు.

“బాబాయ్, బోటుని చూడవా?”

“బోటుని సూత్తే ఏముంటది? దానికి జరగబోయేదంతా ఎనకాల నీళ్లలో ఉంటది. అదిగో, ఆ నురగ ఆగింది సూడు. ఇక అక్కణ్ణుంచి లాగుద్ది.” తల తిప్పకుండానే మళ్లీ అన్నాడు: “నువ్వేమో తగలాలని సూత్తన్నావు. నేను తగలకూడదని సూత్తన్నా. ఇద్దరం సూడాల్సింది ఆ నీళ్లే.”

ఆ మాటకు ఆమె ముఖం మాడింది. అయినా అక్కడి నుంచి కదల్లేదు. కుడి కన్ను వ్యూఫైండర్‌కు ఆనించి బోటును చట్రంలో పట్టుకుంది. ఇన్నేళ్లూ మూసుకునే ఎడమ కన్నును ఈసారి తెరిచి, పోతురాజు చూస్తున్న చోటనే నిలిపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. ఒక అల వచ్చిపోయింది. ఇంకొకటి. వేలు బటన్ మీద ఉంది, నొక్కలేదు. మోచేతిని పక్కటెముకలకు అదిమి పెట్టింది.

తువ్వాలు దిగింది. ఉన్న అలల్లో మంచిదే ఎంచి దించాడు పోతురాజు. సరంగు ఇంజను వేగం పెంచాడు. బోటు మొగలోకి వచ్చింది. వెనక నురగ ఆగింది.

బోటు ఇంకా నీళ్ల మీద నిటారుగా ఉంది. దానికి ఏమీ కాలేదు. ఆమె అప్పుడు నొక్కింది.

చీకటి.

వెలుగు తిరిగొచ్చేసరికి అల బోటును ఎత్తుకుంది. లోపలి మనుషులు తాడు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ రోజుకు గండం గడిచింది. పోతురాజు తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

ఆ ఫొటోలో ఏముందో మర్నాడు పొద్దున జిల్లా అంతా చూసింది. ఇసుక మీద ఒరిగిన బోటు, నీళ్లు విడిచిన దాని అడుగు, నీళ్లు అందక గాలిలో తిరుగుతున్న ఇంజను పంకా, చుక్కాని పట్టుకున్న మనిషి తెరిచిన నోరు. సమావేశంలో అధికారి ఆ పేజీని ముందు పెట్టుకుని, “ఇది నిన్నటిదేనా?” అని ఒక్క ప్రశ్న అడిగి, పూడికతీత కాగితం తెమ్మన్నాడు. కానీ ఆ సాయంత్రం, ఆ నీళ్లలో, దాన్ని ఇంకా ఎవరూ చూడలేదు.

సుభాషిణి తడిసిన కాళ్లతో ఒడ్డుకు వచ్చింది. స్క్రీన్ మీద ఫొటో తెరవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

“చూశావా?” అన్నారు మాస్టారు.

“లేదు మాస్టారూ. చీకటైపోయింది.”

ఆయన గొడుగు ముడిచారు.

“అయితే పంపించు.”