మాస్టారి మార్కులు

మాక్ టెస్టు ఎప్పుడు రాయాలన్న దగ్గర నూకరత్నం మొండికేసింది.

తుని జూనియర్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల. క్లాసులో ఎప్పుడూ ఫస్టే. ఇంజనీరింగ్ చదవాలని దాని ఆశ. ఎంట్రన్సులో మంచి ర్యాంకు రాకపోతే చదివించలేనని నాన్న ముందే చెప్పేశాడు. లెక్కలు చెప్పే గవర్రాజు మాస్టారు ఈ ఏడాదే ఒక మాక్ టెస్టు రాయమన్నారు. ససేమిరా అంది. సిలబస్సు మొత్తం అయ్యాక, వచ్చే ఏడాది రాస్తుందట. సగం చదువుతో కూర్చుంటే సగం మార్కులే వస్తాయట, అవి నోటీసుబోర్డు మీద అతికిస్తారట, కాలేజీ అంతా చూస్తుందట. అసలు బాధ ఆ బోర్డుతోనేనని మాస్టారికి తెలియదా ఏంటి!

కిందటేడు బాగా చదివే కుర్రాడొకడు ఇలాగే వాయిదాలు వేసి, ఎంట్రన్సు పేపరు మొహం అసలు పరీక్ష రోజునే చూశాడు. కంగారుపడి సగం పేపరు వదిలేసి వచ్చాడు. సీటు పోయింది. ఆ బెంగ మాస్టారికి ఇంకా తీరలేదు.

అయినా నూకరత్నాన్ని తిట్టలేదు, బతిమాలలేదు. ఆదివారం మిగతా పిల్లలు టెస్టు రాసేటప్పుడు వచ్చి పేపర్లు పంచిపెడితే చాలన్నారు.

పంచుకుంటూ చివరి బెంచీ దాకా వెళ్లేసరికి అక్కడ మాస్టారు కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

"నాకూ ఒకటియ్యి తల్లీ" అన్నారు.

పాపం, ఫిజిక్సు దగ్గర తల గోక్కున్నారు. కెమిస్ట్రీ అయితే ఆయన ఏనాడో మరిచిపోయారు. పక్క బెంచీ కుర్రాళ్లు కిసుక్కుమంటే తనూ నవ్వి మళ్లీ పేపర్లో తల పెట్టారు.

మర్నాడు బోర్డు మీద ఆయన పేరు అట్టడుగున ఉంది. లెక్కల్లో కూడా ఒకటి తప్పింది. ఆ పేరు తీసేద్దామని ఆఫీసువాళ్లు అంటే వినకుండా, ఆయనే గమ్ము రాసి అతికించారట. పిల్లలంతా అక్కడ మూగారు. నవ్వేవాళ్లు నవ్వారు. నూకరత్నానికి ఏడుపొచ్చింది. మాస్టారంటే దానికి ప్రాణం మరి.

గబగబా స్టాఫ్‌రూముకి వెళ్లింది. ఆయన కెమిస్ట్రీ పుస్తకం ముందేసుకుని, తప్పుపోయినవి ఒక్కొక్కటీ చూసుకుంటున్నారు.

"నా కోసం అందరిలో నవ్వులపాలయ్యారు కదా మాస్టారూ" అంది.

"నవ్వుకోనీ. నాకేం రాదో ఇవాళ తెలిసింది. అసలు పరీక్షలో తెలిసుంటే ఏం చేసుకునేవాణ్ణి?"

నూకరత్నం ఓణీ చెంగుతో కళ్లు తుడుచుకుంది. బల్ల మీద మిగిలిపోయిన పేపరు ఒకటి తీసుకుని, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"టైము చూడండి మాస్టారూ. ఎన్నొస్తే అన్నే బోర్డు మీద పెట్టేయండి."

మాస్టారు చేతి వాచీ విప్పి, ఆ పిల్లకి కనిపించేలా బల్ల మీద పెట్టారు.