చుక్కమ్మ ఇచ్చిన కూత

కింద కంది చేలు, పైన బండలు, మధ్యలో ముళ్ల పొదలు. అదీ ఎర్రగట్టు. ఆ పొదల్లో కాపురముండే కౌజు పిట్ట చుక్కమ్మకు పొగరని పేరు. ఉంది మరి. నేల మీద గూడు పెట్టుకుని, పిల్లి తిరిగే దారి పక్కనే పిల్లలను పెంచే తల్లికి ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా?

గట్టు మీది నేలపిట్టలకు ఒక ఆచారం ఉంది. ప్రతి తల్లికీ రెండు సొంత కూతలుంటాయి. ఒకటి పిలుపు కూత. అది వింటే పిల్లలు ఎక్కడున్నా పరుగెత్తుకొస్తారు. రెండోది అణుగు కూత. అది వింటే ఉన్నచోటే నేలకు అతుక్కుపోయి, మళ్లీ తల్లి పిలుపు వినేదాకా ఈక కదపరు. పిల్లలు గుడ్డులో ఉండగానే తల్లి ఈ రెండూ నేర్పుతుంది. ఒక ఇంటి కూత ఇంకో ఇంటికి తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అడగరు.

అడిగినవాడు నక్క జంబయ్య ఒక్కడే. ఆ ఏడు వానలు పడగానే తుమ్మచెట్టు కింద కూతల కొట్టు తెరిచాడు. కొమ్మ మీద ఒక గోరింకను కూర్చోబెట్టాడు. ఏ గొంతు విన్నా అచ్చు గుద్దినట్టు తిరిగి పలికే గోరింక అది.

"మీ పిలుపు కూత మా గోరింకకు ఒక్కసారి వినిపించండి, చాలు," అన్నాడు. "మీరు మేతకు దూరం పోయినప్పుడు మీ పిల్లలను ఇదే పిలిచి నీడకు చేరుస్తుంది. ఏ చేలో గింజ రాలిందో, ఎవరి గుడ్లు పిల్లలయ్యాయో, కబుర్లన్నీ ఇక్కడే దొరుకుతాయి. అంతా ఉచితం. మీ గోప్యతే మా ప్రాణం."

గోప్యత అంటే ఏమిటో గట్టు మీద ఎవరికీ తెలియదు. ప్రాణం అన్నాడు కదా అని అందరూ మెచ్చుకున్నారు. చేర్చుకునే ముందు జంబయ్య చాంతాడంత షరతులు గొణిగేవాడు. పిట్టలు సగంలోనే తల ఊపేసి కబుర్ల మీద పడేవి.

పక్క పొదలోని పూరేడు పిట్ట చిట్టెమ్మ అందరికన్నా ముందు చేరింది. చుక్కమ్మనూ రమ్మని పోరింది.

"ఊరంతా అక్కడే ఉందక్కా. నువ్వొక్కదానివే పాతకాలం పిట్టలా ఇక్కడ కూర్చున్నావు."

"ఊరికే ఇస్తున్నాడంటే, మన దగ్గర ఏం పుచ్చుకుంటున్నాడో చూసుకోవాలి చిట్టెమ్మా. పిల్లల పిలుపు తప్ప మన దగ్గర పుచ్చుకునేందుకు ఏముంది?"

చివరికి జంబయ్యే తోక ముడుచుకుని, తల వంచుకుని వచ్చాడు. నక్క వినయాలు చూడాలంటే ఆ రోజే చూడాలి.

"చుక్కమ్మ తల్లీ, నీ కూతను నా కడుపులో పెట్టుకుని దాచుకుంటాను."

"నిజమే జంబయ్యా. నీ కడుపులోకి పోయినవేవీ ఇంతవరకు బయటికి రాలేదు. అయినా పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మాకు పెదవి లేదు, ముక్కుంది. దాన్ని మూసుకునే ఉంటాను."

తుమ్మచెట్టు దగ్గర ఆ మాట చెప్పుకుని అందరూ నవ్వారు. గింజల కబుర్లు ఆమెకు చెప్పడం మానేశారు. చుక్కమ్మ తన గింజలు తానే వెతుక్కుంది.

ఒక పొద్దున చిట్టెమ్మ వాగుకు నీళ్లకు వెళ్లి వచ్చేసరికి పిల్లల్లో చిన్నది లేదు. మిగిలినవి ఒకదానిలో ఒకటి దూరి వణుకుతున్నాయి.

"నువ్వే పిలిచావమ్మా," అన్నాయి. "చిన్నోడు ముందు పరుగెత్తాడు. పొద వెనక గండుపిల్లి ఉంది."

చిట్టెమ్మ ఏడుస్తూ కొట్టుకు పరుగెత్తింది. జంబయ్య కళ్లు తుడుచుకుని మరీ చెప్పాడు. "పాపం తల్లీ. కానీ తప్పు నీదే. నీ కూత మరీ తేలిక, ఎవడైనా పట్టేస్తాడు. నాలుగు చోట్ల గొంతు తిప్పి, మధ్యలో ఒక ఈల వేసి, గట్టి కూత ఒకటి తయారుచేసుకో. తెచ్చి మా దగ్గరే దాచుకో."

చిట్టెమ్మ నమ్మింది. పిల్లను పోగొట్టుకున్న తల్లి పొదలో కూర్చుని తననే తిట్టుకుంటూ, జీరపోయిన గొంతుతో కొత్త కూత సాధన చేస్తుంటే చుక్కమ్మ చూడలేక దగ్గరికి వెళ్లింది.

"కంచే చేను మేసింది చిట్టెమ్మా. నీ తప్పేం లేదు."

"గోరింక అలాంటిది కాదక్కా. రోజూ నన్ను పేరు పెట్టి పలకరిస్తుంది."

ఇక చెప్పి లాభం లేదు, కళ్లకు చూపించాల్సిందే అనుకుంది చుక్కమ్మ.

మర్నాడు తలెత్తుకుని తుమ్మచెట్టు కిందికి నడిచింది. పిట్టలన్నీ మాటలాపి చూశాయి.

"పొగరు దిగిందా తల్లీ?" అన్నాడు జంబయ్య.

"ఊరంతా ఇక్కడుంటే నేనొక్కదాన్నీ ఎక్కడికి పోను?" అని గోరింక వైపు తిరిగి కూసింది. కిర్‌ర్‌ర్, కిట్.

అది పిలుపు కూత కాదు. అణుగు కూత. ఆ సంగతి జంబయ్యకు తెలిసే దారి లేదు. ఆ కూత పుట్టినప్పుడల్లా వాడికి కనిపించింది ఖాళీ నేలే. గోరింకది చెట్టు మీది కాపురం, నేలపిట్టల ఇంటి గుట్టు దానికేం తెలుసు?

"పిల్లలను ఒకసారి పిలిచి చూపించమ్మా, సరిచూసుకుంటాం."

"సరిచూడటం ఎందుకు? నీ కొట్టు నమ్మకం మీదే కదా నడుస్తుంది. నేను నిన్ను నమ్మాను. నువ్వు నన్ను నమ్మవా?"

నలుగురి ముందు జంబయ్య సరేనని తల ఊపాడు.

ఇంటికొచ్చాక చుక్కమ్మ పిల్లలను రెక్కల కిందికి తీసుకుంది. పెద్దవాళ్ల గురించి ఆమెకు బెంగ లేదు. బెంగంతా కడగొట్టు పిల్ల బుడిగాడి మీదే. వాడు గాలికి ఆకు కదిలినా లేచి చూసే రకం.

"అణుగు కూత ఎవరి నోట విన్నా అణగాలి," అంది.

"చీమ కుడితేనో?" అన్నాడు బుడిగాడు.

"కుట్టనీ."

"పిల్లి మీసం తగిలితే?"

"తగలనీ. నా పిలుపు వినేదాకా నువ్వు మట్టిబెడ్డవే."

గొర్రెల మంద గట్టు పక్కకు మేతకొచ్చే రోజు చూసుకుని, "జొన్నచేనుకు పోతున్నా, పొద్దెక్కితేగాని రాను," అని తుమ్మచెట్టుకు వినబడేలా చెప్పి బయల్దేరింది. చుట్టు తిరిగి వచ్చి, చిట్టెమ్మనూ తక్కిన తల్లులనూ బండ వెనక కూర్చోబెట్టింది. పందెం ఒడ్డింది తన పిల్లలనే.

ముళ్ల పొద మీద గోరింక వాలింది. కిర్‌ర్‌ర్, కిట్. అచ్చం చుక్కమ్మ గొంతే. చిట్టెమ్మ ఉలిక్కిపడి పక్కనున్న చుక్కమ్మ ముక్కు వైపు చూసింది. అది మూసే ఉంది.

గింజలేరుకుంటున్న పిల్లలు ఒక్కసారిగా మాయమయ్యారు. ఎండుటాకులు, ఎర్రమట్టి, అంతే. పొద చాటునుంచి గండుపిల్లి బయటికొచ్చింది. గోరింక ఇంకా గట్టిగా కూసింది. పిల్లలు ఇంకా గట్టిగా నేలకు అణిగారు. పిల్లి ముక్కుతో ఆకులు కెలుకుతూ వచ్చి బుడిగాడి పక్కనే ఆగింది. దాని మీసం వాడి వీపుకు తగిలింది.

బుడిగాడు మట్టిబెడ్డే.

పిల్లికి ఓపిక పోయింది. "ఏమే గోరింకా, కూత సరైనదేనా? వేటలో సగం ఆ జంబయ్యకు పోస్తున్నది ఈ ఖాళీ నేల కోసమా? పూరేడు కూతకు ఎంత చక్కగా పరుగెత్తుకొచ్చింది పిల్ల!"

అందరికన్నా ముందు అరిచింది చిట్టెమ్మే. జీరపోయిన ఆ గొంతులోంచి అంత కేక ఎలా వచ్చిందో. తల్లులంతా గొంతు కలిపారు. గోల విని మంద కాపలా కుక్క గట్టెక్కింది. కుక్కను చూసి పిల్లి కాలికి బుద్ధి చెప్పింది.

తల్లులంతా తుమ్మచెట్టు కిందికి వెళ్లేసరికి జంబయ్య అప్పటికే మొదలుపెట్టాడు. "ఏదో పొరపాటు జరిగింది, విచారణ చేయిస్తాం, మీ గోప్యతే మా..."

"ప్రాణం మా పిల్లలది," అంది చుక్కమ్మ. "నీది కాదు."

తర్వాత వాడు గట్టు మీద కనిపించలేదు. తన వాటా కక్కమని గండుపిల్లి వాడి వెంట పడిందని కబురు. చెప్పింది గోరింక కాబట్టి సగమే నమ్మాలి.

అందరూ ముళ్ల పొద దగ్గరికి తిరిగొచ్చాక, చిట్టెమ్మ నెమ్మదిగా చుక్కమ్మ పక్కకు చేరింది. "అయితే తప్పు నాది కాదా అక్కా?"

"కాదమ్మా. తప్పు నమ్మినదానిది కాదు, అమ్మినవాడిది."

పిల్లలింకా నేలలోనే ఉన్నారు. ఎవరెక్కడున్నారో తల్లులెవరికీ ఆనవాలు దొరకలేదు. చుక్కమ్మ ఛాతీ ఉబ్బింది. మీసం తగిలినా కదలని పిల్లను కన్న తల్లి, ఉబ్బదా మరి? ఆ అణుగు కూత ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయింది. సాయంత్రమే కొత్తది నేర్పాలి. నేర్చుకుంటారు, తన పిల్లలే కదా.

"ఇక పిలువు చుక్కమ్మా," అన్నారు తల్లులంతా ముచ్చటపడి. "నీ అసలు కూత మేమూ విందాం."

చుక్కమ్మ వాళ్ల వైపు చూసి మెడ నిక్కించింది.

"మీరంతా ఆ బండ దాటి వెళ్లండి. అప్పుడు పిలుస్తాను."

ఎవరూ నొచ్చుకోలేదు. ముందుగా లేచి నడిచింది చిట్టెమ్మే.

నీతి: నీ గుట్టు దాచిపెడతానని వచ్చినవాడిని, అది నీకెందుకని ముందు అడుగు.