సోమవారం బల్ల మీద కోడి

సన్యాసాచారి మాస్టారిని ప్రశ్న అడగడమంటే పనిని పిలిచి నెత్తిన పెట్టుకోవడమే. యూనివర్సిటీ యానిమేషన్ విభాగంలో పై తరగతుల వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు కనుక, ఆయన ఎదురైతే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేవారు. నీడ పూర్తిగా నల్లగా ఉండదెందుకని అడిగిన కుర్రాడికి తెల్ల పంచె ఒకటి చేతికిచ్చి మిట్టమధ్యాహ్నం డాబా మీదికి పంపించారు. మట్టి బొమ్మ ఎండాక ఎందుకు పగిలిందని అడిగిన అమ్మాయి చేత వారమంతా మట్టి తొక్కించారు. ఆ ఇద్దరికీ తర్వాత జవాబు అవసరం పడలేదు. కొత్తగా చేరినవాళ్లను మాత్రం ఎవరూ ముందుగా హెచ్చరించరు. హెచ్చరిస్తే చూసేవాళ్లకు సరదా ఏముంటుంది?

కుందన ఆ ఏడే చేరింది. తుని పిల్ల. తండ్రి సత్తిరాజుకు అక్కడ ఫ్లెక్సీ బ్యానర్ల దుకాణం. పుట్టినరోజు బ్యానర్ల మీద చోటా నాయకుల బుగ్గలు నున్నగా చేసిపెడుతూ పెరిగింది కాబట్టి, కంప్యూటర్ మీద ఆ పిల్ల చెయ్యి చకచకా ఆడుతుంది. ఇంటర్ చదివే రోజుల్లోనే ఒక నిమిషం బొమ్మల సినిమా తనే గీసి తయారుచేసింది. మామ్మ చేట ముందు పెట్టుకుని కునుకు తీస్తుంటే, ఒక కోడి దర్జాగా నడుచుకుంటూ వచ్చి అందులోని గింజలు కాజేస్తుంది. అంతే కథ. అది ఫోన్లలో తిరిగి తిరిగి తునిలో సగం మంది చూశారు. చూసినవాళ్లందరూ బాగుందన్నారు.

యానిమేషన్‌లో సీటొచ్చిందని తెలిసిన రోజు ఆ పిల్ల కాలు నేల మీద నిలవలేదు. తీరా చూస్తే చదువు నాలుగేళ్లు, అందులో మొదటి ఏడాది పునాది కోర్సట. పెన్సిలు పట్టడం, రంగు కలపడం, మట్టి పిసకడం. సత్తిరాజు మొహం చిట్లించాడు. "బొమ్మలెయ్యడం నీకొచ్చు కదా అమ్మలూ. మళ్లీ ఓనమాల కాణ్ణుంచీ ఏంటి? ఒక ఏడాది దండగ కాదూ?" అన్నాడు. ఆయనకు కూతురు ఇంజనీరింగులో చేరలేదన్న దిగులు ఇంకా తీరలేదు. "మూడేళ్లలో ముగించుకొచ్చేస్తాను, చూస్తూ ఉండు నాన్నా" అని కుందన మాటిచ్చింది. ఊరికే ఇచ్చిన మాట కాదది. సొంతంగా తీసిన సినిమా చూపించి పునాది తరగతి మాస్టారిని ఒప్పించగలిగితే, ఆ ఏడాది దాటేసి నేరుగా రెండో ఏడులో కూర్చోవచ్చునని అక్కడ ఒక నిబంధన ఉంది. మొదటి నెల దాటితే మాత్రం ఆ దారి మూసుకుపోతుంది. సంతకం పెట్టవలసింది సన్యాసాచారి మాస్టారే.

పునాది తరగతి కింది అంతస్తులో. తడి మట్టి వాసన, కాళ్లు సరిగా ఆనని స్టూళ్లు, మధ్యలో ఒక బల్ల. ప్రతి సోమవారం వంతు వచ్చినవాళ్లు ఏదో ఒక వస్తువు తెచ్చి ఆ బల్ల మీద పెడతారు. వారమంతా అందరూ దాన్నే చూసి గీయాలి. అది అక్కడి ఆచారం. మొదటి వారం గుమ్మడికాయ పెట్టారు, తర్వాత ఇత్తడి చెంబు, ఆ తర్వాత ఎవరిదో అరిగిపోయిన చెప్పుల జత. పై అంతస్తులో యానిమేషన్ ల్యాబు. అక్కడ ఎవరి బొమ్మ అయినా మొదటిసారి కదిలినప్పుడల్లా గోల లేచేది, ఆ గోల కప్పులోంచి కిందికి వినిపించేది. కుందన చెప్పు పట్టీ గీస్తూ తల పైకెత్తి వినేది. గుమ్మడికాయను ఒక్క పూటలో గీసి పడేసి, మిగతా వారమంతా గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్న పిల్ల ఇక తాళలేకపోయింది.

"సార్, మేం కదిలించడం నేర్చుకుందామని వచ్చాం. మరి మీరు కదలని వస్తువుల్నే ఏడాది పొడుగునా ఎందుకు గీయిస్తారు?"

పక్క స్టూలు మీద కూర్చున్న బొబ్బిలి కుర్రాడు ఖాదర్, అయిపోయావు పో అన్నట్టు ఆమెకేసి చూశాడు. కుందన వెనక్కి తగ్గలేదు. టాబ్లెట్ తీసి తన సినిమా మాస్టారి ముందు పెట్టి, సంతకం సంగతి కూడా అప్పుడే అడిగేసింది. మాస్టారు రెండుసార్లు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"కోడి ఎటు చూస్తోందమ్మా?"

"గింజలకేసి సార్."

"చూస్తోందంటావు" అన్నారాయన. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పైగా, వచ్చే సోమవారం బల్ల వంతు ఎవరిదని అడిగారు. కుందనదే. "అయితే కోడిని తీసుకురా. నడిచే కోడి. సంతకం మాట ఆ తర్వాత చూద్దాం."

ఆ పిల్లకు ఒళ్లు మండింది. తుని మొత్తం మెచ్చిన కోడిలో ఈయనకు ఏం లోటు కనిపించింది? అయినా సంతకం ఆయన చేతిలో ఉంది కాబట్టి, సోమవారం పొద్దున్నే క్యాంటీన్ సింహాచలమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. సింహాచలమ్మ పెంచుకునే ఎర్ర నాటుకోడి ఆ ఆవరణంతా తన జాగీరన్నట్టు తిరుగుతూ ఉంటుంది. సంగతంతా విని ఆవిడ ముక్కు మీద వేలేసుకుంది. "ఏటమ్మా, కోడి బొమ్మెయ్యడానికి కోడెందుకు? నువ్వెప్పుడూ కోడిని సూడలేదేటి? సరే పట్టుకెళ్లు. సాయంత్రానికి ఈకల్తో సహా నాకు తెచ్చీయాల. కూరొండీసినారో, మీకు ఈ ఏడాదంతా టీలుండవు."

బల్ల మీద ఇంతవరకూ కూర్చున్న వస్తువులన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. కోడికి ఆ ఆచారం తెలియదు. పెట్టీ పెట్టగానే రెక్కలు టపటపలాడించి కిందికి దూకింది. ఒకరి రంగుల పళ్లెంలో కాలు పెట్టి, ఇంకొకరి చెంబు బొమ్మ మీదుగా పసుపు పచ్చని అడుగులు వేసుకుంటూ పోయింది. క్లాసంతా స్టూళ్లెక్కింది. ఆ గోలలో మాస్టారు చెక్క చట్రంలో బిగించిన గాజుపలక ఒకటి మోసుకొచ్చి బల్ల మీద నిలబెట్టారు. గోడ పొడుగునా నూకలు చల్లించారు. కుందనను పలకకు ఇవతల కూర్చోబెట్టి, తల కదలకుండా గడ్డం కింద పుస్తకాల దొంతి పెట్టించి, గాజు మీద రాసే ఎర్ర మైనపు పెన్సిలు చేతికిచ్చారు.

"ఒక కన్ను మూసుకో. ఖాదర్ చప్పట్లు కొడతాడు. చప్పుడు వినబడ్డప్పుడల్లా, కోడి తురాయి గాజులోంచి ఎక్కడ కనబడితే గాజు మీద అక్కడ ఎర్ర చుక్క పెట్టు. బొమ్మ వెయ్యకు. ఇంకేమీ ఆలోచించకు."

ఖాదర్ పెళ్లి బ్యాండులో తాషా వాయించినవాడు. అతని చప్పట్లు గడియారంలా పడతాయి. కోడి నూకలు చూసుకుంటూ తీరుబడిగా గోడ వెంట నడిచింది. కుందన చెయ్యి చప్పట్లతోపాటు పరుగెత్తింది. కోడి గోడ చివరికి చేరాక కన్ను తెరిచి చూసుకుంటే ఏముంది, చుక్కలు వరసగా రాలేదు. రెండు మూడు చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి గుత్తిగా ఉన్నాయి. తర్వాత ఖాళీ. మళ్లీ ఒక గుత్తి, మళ్లీ ఖాళీ.

"నువ్వు తాళం తప్పావు ఖాదర్."

"తాళం తప్పేది నేనా? నీ చెయ్యే నిద్రపోయింది."

పలక తుడిచి మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ గుత్తులే. ఈసారి మాస్టారు నల్ల పెన్సిలు అందించి, తురాయి వదిలేసి తోక చివర గుర్తుపెట్టమన్నారు. నల్ల చుక్కలు ఎక్కడా గుత్తి కట్టకుండా వరసగా పడ్డాయి. చెయ్యి అదే, చప్పట్లు అవే. మరి తప్పెక్కడ? కుందన పెన్సిలు కింద పెట్టేసింది. రెండు కళ్లూ తెరిచి ఊరికే కోడిని చూసింది. బహుశా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూసింది.

కోడి తల ఆగి ఉంది. గాలిలో ఎవరో మేకు కొట్టి తగిలించినట్టు ఒక్కచోటే ఆగి ఉంది. తల కింద మెడ, ఒళ్లు, తోక అన్నీ ముందుకు సాగుతున్నాయి. ఒళ్లు తలను అందుకునేసరికి తల చటుక్కున ముందుకు గెంతి మళ్లీ ఆగిపోయింది. మళ్లీ ఒళ్లు బయలుదేరింది. కుందనకు తన కోడి గుర్తొచ్చింది. తన సినిమాలో కోడి తల ఒంటితోపాటే నునుపుగా సాగిపోతుంది. నడకలా ఉండాలని తనే దాన్ని మధ్యమధ్య పైకీ కిందికీ ఊపించింది కూడా. నడిచే కోడి అలా ఊపదు. చిన్నప్పుడు తను నాయనమ్మ పెరట్లో కోళ్ల మధ్యే ఆడుకుంది, ఇన్నేళ్లలో ఒక్కసారీ ఇది కంటబడలేదు.

ఆ తర్వాత ఆమెను పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. పల్చటి కాగితాలు కిటికీ అద్దానికి ఆనించి, వెనక నుంచి వచ్చే వెలుతురులో ఒకదాని మీద ఒకటి పెట్టి గీసింది. తల ఉన్నచోటే ఉంచి ఒళ్లు ముందుకు జరిపింది. మళ్లీ జరిపింది. అప్పుడు తలను గెంతించింది. కాగితాలన్నీ కలిపి అంచు పట్టుకుని బొటనవేలితో టపటపా వదిలేసరికి కోడి నడిచింది. కాళ్లు ఇంకా సరిగా కుదరనేలేదు, కంటికి చుక్క కూడా పెట్టలేదు, అయినా నడిచింది. ఖాదర్ ఆ కాగితాలు లాక్కుని తను వదిలి చూశాడు. అతని దగ్గర్నుంచి ఇంకొకరు లాక్కున్నారు. మధ్యాహ్నానికి క్లాసులో ప్రతివాడి చేతిలోనూ ఒక కాగితాల కట్ట, ప్రతి కట్టలోనూ ఒక కోడి. గోల ఎంతగా లేచిందంటే, పై ల్యాబులోంచి సీనియర్లు కిందికి దిగివచ్చి గుమ్మంలో తొంగిచూశారు. అంతవరకూ గోల పైనుంచి కిందికే వచ్చేది. సాయంత్రం సింహాచలమ్మ వచ్చి తన కోడి ఈకలు సరిచూసుకుని, కాళ్లకున్న పసుపు రంగు ఏమిటని నిలదీసి, చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా కుందన తన సినిమాలో కోడిని మొదటి నుంచి చివరిదాకా తిరగ్గీసింది. శుక్రవారం మాస్టారి ముందు పెట్టింది. ఆ నెలకు అదే ఆఖరి రోజు. క్లాసంతా వెనక మూగింది. మామ్మ కునుకు తీస్తోంది. కోడి వచ్చింది, నడిచింది, చేట దగ్గర తల నిలిపింది. గింజలను చూసింది. తల తిప్పి మామ్మను కూడా ఒకసారి చూసింది, నిజంగా నిద్రపోతోందా లేదా అన్నట్టు. క్లాసంతా గొల్లుమంది. వెనకటి సినిమాలో ఎవరికీ అక్కడ నవ్వు రాలేదు.

"ఇప్పుడు చూస్తోంది" అన్నారు మాస్టారు. జేబులోంచి కలం తీసి మూత విప్పారు. "పైకి వెళ్లొచ్చమ్మా నువ్వు. కాగితం ఇలా ఇయ్యి."

కుందన కాగితం ఇచ్చింది గానీ చివర వదల్లేదు. "సార్, ఒక్క సందేహం. నడుస్తూ నడుస్తూ అది తల ఎందుకు ఆపుతుంది?"

ఖాదర్ నాలుక్కరుచుకున్నాడు. ఇప్పుడు ఈ పిల్లను ఏ కోళ్లఫారానికి తోలతారో అనుకున్నాడు. అయితే మాస్టారు ఆ రోజు పని చెప్పలేదు. ఆయన నోటి వెంట జవాబు రావడం క్లాసులో వాళ్లు అదే మొదటిసారి వినడం.

"తల కదులుతున్నంతసేపూ దానికి అంతా అలుక్కుపోయినట్టుంటుందమ్మా. గింజ కనబడాలంటే తల ఆపాలి."

కుందన బల్లకేసి చూసింది. మూలన మొదటి వారం నాటి గుమ్మడికాయ ఇంకా ఉంది. దాని పొట్ట ఒకపక్క లోపలికి దిగి, తొడిమ దగ్గర కొత్తగా ముడతలు పడ్డాయి. ఒక్క పూటలో గీసేసిన కాయ అది. దీనిలో ఏం చూడలేదో? చెంబులో? ఆ చెప్పుల్లో? కొంచెం సిగ్గేసింది. సిగ్గుకు పదింతలు ఆశ పుట్టింది. చూడాల్సింది ఇంత మిగిలి ఉందా అని సంతోషంతో ఒళ్లు ఝల్లుమంది. పైన ల్యాబులో ఎవరో ఈల వేశారు. ఈసారి ఆ పిల్ల తలెత్తలేదు.

"కలం మూత పెట్టెయ్యండి సార్. నాన్నకు నేను చెప్పుకుంటాను" అంది. కాగితం వెనక్కి తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. వచ్చే సోమవారం వంతు ఎవరిదని అడిగితే ఖాదర్ తనదేనన్నాడు. వంకాయలు తెస్తానన్నాడు. "ముచ్చికల్తో సహా తీసుకురా" అని, తన స్టూలు ఈడ్చుకుపోయి గుమ్మడికాయ ముందు వేసుకుని కూర్చుంది.

ఖాదర్‌కు మనసు ఊరుకోలేదు. మాస్టారు గది దాటి వరండాలోకి వెళ్లేసరికి పరుగున వెంటపడ్డాడు. "ఏంటి సార్ ఇది? పైకి పోవాలని అంత గోల పెట్టిన పిల్ల, తీరా మీరు సంతకం పెడతానంటే ఇలా ఆగిపోయిందేంటి?"

మాస్టారు వరండా చివర క్యాంటీన్ వైపు చూశారు. సింహాచలమ్మ కోడి, ఇంకా వదలని పసుపు కాళ్లతో, ఎండలో నడిచి వస్తోంది.

"ఆగిపోలేదు నాయనా" అన్నారు. "తల ఆపింది."