రేగులమెట్ట గిన్నెరాముడు

రేగులమెట్టపై సీతాలక్ష్మణ సమేతుడై కొలువుతీరిన స్వామిని భక్తులు గిన్నెరాముడని కొలుస్తారు. అర్చకుల చేతిలో తప్ప ఎక్కడా నిలవని వెండి గిన్నె ఒకటి ఈ సన్నిధిలో ఉన్నది. దాని అడుగు గుడ్డువలె గుండ్రన. గిన్నె పొట్టమీద చెక్కిన, కాలితో రాయి పట్టిన కొంగ హంగరీ దేశపు దరోవరి ప్రభువుల వంశచిహ్నం.

పూర్వం ఇక్కడ గాలివానకు కోవెల కప్పు ఎగిరిపోయింది. అర్చకులు పరాంకుశాచార్యులు ఒక చేత గంట, మరొక చేత గొడుగు పట్టి ఆరాధన సాగించేవారు. హారతి వేళ ఆ గొడుగు మెడకూ భుజానికీ నడుమ ఇరుక్కునేది. ఏటా శ్రీరామనవమికి జమీందారు జగ్గభూపతి విచ్చేసి, పానకం ఒక గుక్క పుచ్చుకుని, ఈ ఏడు కప్పు వేయిస్తానని సెలవిచ్చి, గ్లాసునూ మాటనూ అక్కడే వదిలి వెళ్ళేవారు.

ఒక మధ్యాహ్నం కునుకులో స్వామి ఆచార్యులకు సాక్షాత్కరించారు. "నీ గొడుగు చిల్లు సరిగ్గా నా కిరీటం మీదికి వచ్చింది. భూపతి అద్దాల బీరువాలో నిలబడలేని గిన్నె ఉన్నది. ఈసారి పానకం అందులో ఇయ్యి" అని ఆనతిచ్చారు.

వేటకు వచ్చిన దరోవరి వంశస్థుడొకరు భూపతికి కానుక చేసిన గిన్నె అది. అతిథి నడుమ ఆపక తాగవలెనని ఆ ప్రభువులు దానిని పనిగట్టుకుని పీట లేకుండా చేయించారు. ఖాళీ చేసి బోర్లించడం వారి మర్యాద. ఆచార్యులు దానిని భూపతి ఇంటినుంచి అడిగి తెచ్చి, ద్రాక్షాసవం రుచి ఎరిగిన పాత్ర గనుక చింతపండుతో చేతులు నొప్పెట్టేదాకా తోమి, సంప్రోక్షణ చేశారు.

నవమినాడు భూపతి గుక్కెడు తాగి, అలవాటైన మాట సెలవిచ్చి, గిన్నె దించబోయారు. అది ఒరిగింది. ప్రసాదం నేలపాలు కారాదు గనుక అంతా తాగారు. బోర్లించబోతే, స్వామి ఎదుట అది అశుభమన్నారు ఆచార్యులు. పక్కవారికి అందించబోతే, మాట ఇచ్చిన చేతినుంచి పాత్ర మారరాదన్నారు. ఖాళీ పాత్ర అసలే చూపరాదని మళ్ళీ నింపారు. ఆనాడు మిరియాలు దండిగా పడ్డాయి.

భూపతి కన్నూ ముక్కూ ధారలు కట్టగా అడిగారు: "ఆచార్లుగారూ, దీన్ని దించేదెప్పుడండీ?"

"కప్పు ఎక్కినప్పుడు, ప్రభూ."

వడ్రంగులకు కబురు పరుగెత్తింది. దూలాలెక్కి, తాటాకు పరచేదాకా భూపతి గిన్నెతోనే నిలబడి, పనివారిని తొందరపెట్టారు. కడపటి ఆకు పడ్డాక ఆచార్యులు గిన్నె అందుకుని, గొడుగు ముడిచారు.

నేటికీ ఇక్కడ మొక్కుకునేవారి చేతికి పానకంతో ఆ గిన్నెనే ఇస్తారు. మొక్కు తీర్చే రోజు చెప్పాకనే తిరిగి అందుకుంటారు. ఇల్లు కట్టదలచినవారికీ, తలపెట్టిన పని సగంలో ఆగినవారికీ స్వామి కొంగుబంగారం. రేగులమెట్టపై మొక్కులన్నీ చిన్నవే. తీరని మొక్కు మాత్రం లేదు.