తిట్లకొండకు ఆ పేరు వచ్చిన వైనం

పూర్వం నల్లమల అడవి నడిబొడ్డున, మనుషుల దారులు ఆగిపోయి మృగాల దారులు మొదలయ్యే చోట, ఒక మహోన్నతమైన కొండ ఉండేది. ఉండేదేమిటి, ఇప్పటికీ ఉంది. దానికి మూడు వైపులా మేకలు మేసుకుంటూ ఎక్కిపోయేంత నెమ్మదైన వాలు. ఉత్తరపు వైపు మాత్రం నిట్టనిలువుగా, కారునలుపుగా, మేఘాలను ఒరుసుకుంటూ లేచిన ఒకే ఒక్క బండ. ఏడాది పొడుగునా ఆ ముఖానికి నీడే. జ్యేష్ఠమాసపు సాయంకాలాల్లో మాత్రం సూర్యభగవానుడు వాయవ్యం నుంచి వాలుగా తొంగిచూసి, దాని చెంప ఒకసారి నిమిరి వెళ్ళిపోయేవాడు.

కొండ కింది గూడెంలో తేనె తీసి బతికే జనానికి అది బండ కాదు, సాక్షాత్తూ మల్లన్న. హిమవంతుడి అల్లుడు గనక అత్తవారింటి మీద గాలి మళ్ళి, అలా ఉత్తరానికే చూస్తూ కూర్చుండిపోయాడని వాళ్ళ నమ్మకం. నిలువునా సాగిన పగులును జడ అనేవారు, దాని పక్కన పొడుచుకొచ్చిన అరుగును మోచెయ్యి అనేవారు, ఆ పైన ముందుకు ఉబ్బిన భాగాన్ని మల్లన్న బొజ్జ అని ముద్దుగా పిలిచేవారు. పని లేని పూట కూడా మగవాళ్ళు ఆ బండ కిందికి పోయి, కాళ్ళు కడుక్కుని, అరచేయి దానికి ఆనించి కళ్ళకద్దుకుని, కాస్త దూరం ఎక్కి దిగి వచ్చేవారు. తేనె కోసం కాదు, దేనికోసమూ కాదు. అంత గొప్పదాని ఒళ్ళో కాసేపు ఉండి రావడం వాళ్ళకి ఒక భాగ్యం. కొసదాకా ఎక్కినవాడు మాత్రం ఎవడూ లేడు.

తేనె తీసేటప్పుడు వాళ్ళకొక కట్టుబాటు ఉండేది. అడ్డతీగ నారతో పేనిన పగ్గాన్ని కొండ కొమ్మున పట్టుకునేవాడు, వేలాడేవాడి భార్యకు తోడబుట్టినవాడే కావాలి. అక్క పసుపు కుంకుమలు చేతిలో ఉన్నవాడు పగ్గం వదలడు గదా! అంతేకాదు, పైనున్న బావమరిది కిందున్న బావను ఆపకుండా తిడుతూ ఉండాలి. వేలాడేవాడికి పైమనిషి కనపడడు కనుక, ఆ తిట్టు వినిపిస్తున్నంతసేపూ తనవాడు పైన ఉన్నట్టు. గొంతు లేని పగ్గాన్ని ఎంతటివాడూ ముట్టుకునేవాడు కాదు.

ఆ గూడెంలో బయ్యమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమె పెనిమిటి మంతన్న, బండ మీద బల్లిలా పాకే నేర్పరి. మోచేతి అరుగు దాకా ఎక్కి వచ్చింది అతనొక్కడే. ఆమెకున్న ఒక్కగానొక్క తమ్ముడు ఈదన్న. బావా బావమరుదులు ఒకరినొకరు వెక్కిరించుకుంటుంటే గూడెం గూడెమంతా పని మానుకుని వినేది. అయితే ఒకనాడు తేనెపట్టు దగ్గర ఈగలు లేచి పైనున్న ఈదన్న ముఖమంతా కుట్టాయి. కళ్ళు మూతలు పడి పట్టు సడలి పగ్గం మూరెడు జారింది. జారిందే గానీ వదల్లేదు. కిందికి దిగిన మంతన్న మాత్రం, ప్రాణభయం ఇంకా తీరక, పదిమందీ వింటుండగా, "నీవి నమ్మదగ్గ చేతులు కావురా!" అనేశాడు. వాళ్ళలో అంతకంటే పెద్ద మాట లేదు. ఈదన్న ఉబ్బిన ముఖంతోనే మల్లన్న బండ ముట్టి, ఈ మనిషితో ఇక మాట్లాడనని ఒట్టు వేశాడు. నాటి నుంచి ఆ కొండ మూగబోయింది. నడుమ నలిగిపోయింది బయ్యమ్మ.

ఇలా ఉండగా జ్యేష్ఠమాసంలో ఒకనాడు ఆ సీమ నేలే కొమ్మిరాజు యుద్ధంలో గెలిచి తిరిగి వస్తూ ఆ ఉత్తరముఖాన్ని చూసి నిలువునా నిశ్చేష్టుడైపోయాడు. అంతటి ఘనమైన పలకను సృష్టికర్త తన కోసమే నిలబెట్టి ఉంచాడనిపించింది కాబోలు, తన బిరుదులన్నీ తాటిచెట్టంత అక్షరాలతో దాని మీద చెక్కించాలని సంకల్పించి, శిల్పులను రప్పించాడు.

గూడెం పెద్ద పరుగున వచ్చి సాగిలపడ్డాడు. "దొరా, అది మా సామి ముఖం. ఉలి పెట్టించకు."

"ముఖమంటావు, కళ్ళేవయ్యా? ముక్కేది? నాకు రాయే కనపడుతోంది," అన్నాడు రాజు, కోపంగా కాదు, నిజంగానే.

"దగ్గరికి పోయినవాడికి కనపడతాయి సామీ."

"సరే, మీలో ఒకణ్ణి పొమ్మను. ఉలి తగలకుండా, మేకు కొట్టకుండా, ఈ అడుగు నుంచి ఆ కొస దాకా మనిషి పోగలిగితే బండ మీది. పోలేకపోతే నాది."

అందరి కళ్ళూ మంతన్న మీద పడ్డాయి. అతను తలూపాడు. బయ్యమ్మ గుండె మాత్రం బొజ్జ దగ్గరే ఆగిపోయింది. అక్కడ చేతికి పట్టు లేదు. కొమ్ము నుంచి వేలాడదీస్తే గూడెంలో అన్నిటికంటే పొడుగైన పగ్గమూ ఆ బొజ్జ కింది అంచు దాకానే వస్తుంది. అక్కడి నుంచి పగ్గమే దిక్కు.

ఆమె తమ్ముడి గుడిసెకు పోయింది. "పగ్గం పడతావురా, ఈదూ?"

"పట్టకపోతే నువ్వు ఊరుకుంటావా? నా చేతుల సంగతి నీకు తెలుసు, కొండకి తెలుసు. తెలియంది ఒక్కడికే."

"మరి తిట్టాలిగా."

"తిట్టను." ఈదన్న అటు తిరిగిపోయాడు. "ఒట్టు సంగతి అలా ఉంచు. తిట్టేది మనవాణ్ణక్కా. పరాయివాణ్ణి ఎవడు తిడతాడు?"

ఇంటికొచ్చి మొగుడితో ఉన్నదున్నట్టు చెప్పింది. మంతన్న తన అరచేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు.

"వెళ్ళి ఒక్క మంచిమాట అనరాదా? నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది.

"పదిమందిలో అన్నదాన్ని చాటుగా పోయి వెనక్కి తీసుకుంటే ఏం మర్యాదే?" అన్నాడతను.

మరునాడు తెల్లవారగానే మంతన్న కాళ్ళు కడుక్కుని బండకు మొక్కాడు. ఈదన్న దక్షిణపు వాలున పైకి పోయి, కొమ్మున ఉన్న రాతిగుండుకు పగ్గం ఒక చుట్టు తిప్పి నడుముకు కట్టుకున్నాడు. రాజు, పరివారం, శిల్పులు, గూడెం యావత్తూ కింద తలలెత్తి నిలబడ్డారు. జడలో చేతివేళ్ళు దూర్చి, కాలిబొటనవేళ్ళు ఆనించి, మంతన్న ఎక్కుతూ ఉంటే చూసేవాళ్ళకు మనిషి ఎక్కుతున్నట్టు లేదు, ఆ కొండే అతణ్ణి ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందించుకుంటున్నట్టు ఉంది. కూరుకున్న నాచును కూడా అతను గోటితో గీకలేదు. మధ్యాహ్నం దాటేసరికి మోచేతి అరుగు మీద చీమంత కనిపించాడు. అక్కడి నుంచి బొజ్జ కిందికి జరిగి, ఒంటికాలి మీద బండకు అతుక్కుని నిలిచాడు. పగ్గం కొస అతని చేతికి అందీ అందనంత దూరంలో గాలికి ఊగుతోంది. అందుకోవాలంటే బండను పూర్తిగా వదిలి దూకాలి.

పై నుంచి చప్పుడు లేదు.

"పైన ఉన్నాడా, లేడా?" అని ఎవరో గుసగుసలాడారు. "గొంతు లేని పగ్గం. ముట్టుకోడు. దిగొచ్చేస్తాడు," అన్నారు ఇంకెవరో. శిల్పుల్లో ఒకడు ఉలి సంచి విప్పుకున్నాడు. బయ్యమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడి కాలు వంకే చూస్తోంది. ఆ కాలు మడమెత్తింది. ఆగింది. బండను వదిలింది.

మంతన్న దూకాడు. తమవాళ్ళలో ఎవరూ ఏనాడూ చేయని పనిగా, మాట లేని పగ్గాన్ని, పదిమందీ చూస్తుండగా, రెండు చేతులా పట్టుకున్నాడు.

పైన ఈదన్న నడుము మీద ఒక్కసారిగా బావ బరువంతా పడింది. తాను పిలవలేదు, పలకలేదు. అయినా వచ్చి పడ్డాడు! ఆ బరువులో ఉన్న క్షమాపణ అతనికి అర్థమైంది. ఒట్టు తీసి గట్టున పెట్టేశాడు; ఇన్నాళ్ళుగా మింగుకున్న తిట్లన్నీ ఒక్క పెట్టున బయటపడ్డాయి.

"ఓరి గుమ్మడికాయ పొట్ట బావా! మా అక్క తవ్వుకొచ్చిన గడ్డలన్నీ నువ్వే మింగావట్రా? ఇది మనిషి బరువా, ఎలుగ్గొడ్డు బరువా?"

ఆ కేక బండకు తగిలి, లోయలో తిరిగి, కింది వాళ్ళందరి చెవులా పడింది. వెంటనే గాలిలో వేలాడుతూనే మంతన్న అందుకున్నాడు:

"లాగవోయ్, ఎండు తుమ్మ మొద్దూ! నాలుక ఊపినట్టు కాదు, చేతులూపు!"

"ఊపితే పడతావు, కోతిమూతీ!"

"పడను. అవి నమ్మదగ్గ చేతులురా, నాకు తెలుసు!"

గూడెం గొల్లున నవ్వింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా బయ్యమ్మ నేల మీద కూలబడింది. తిట్టుకో మూర చొప్పున మంతన్న బొజ్జ దాటి, పొద్దు వాలేవేళకు పైకి చేరాడు. కొమ్ము మీద రెండు ఆకారాలు ఒకదాన్నొకటి కావలించుకున్నప్పుడు, సరిగ్గా అప్పుడే, వాయవ్యాన మబ్బు విడి, ఎండ వాలుగా వచ్చి ఉత్తరపు బండ నిండా పరుచుకుంది. ఆ బంగారు వెలుగులో జడా, నుదురూ, అరమోడ్పు కన్నులూ, బొజ్జా, ఒక్కొక్కటే పైకి తేలాయి. రాజు పాదరక్షలు విడిచి, బండ దగ్గరికి నడిచి, అరచేయి ఆనించి కళ్ళకద్దుకున్నాడు.

"కనపడ్డాడు," అన్నాడు మెల్లగా. "ఈయన మీద నా పేరెందుకు?" శిల్పుల ఉలులన్నీ కరిగించి త్రిశూలం చేయించి, బండ పాదాన నాటించాడు.

నాటి నుంచి దానికి తిట్లకొండ అనే పేరు పడింది. ఆ తిట్లకొండ మల్లన్నకు ఈనాటికీ గుడి లేదు, గోపురం లేదు, ఆ త్రిశూలమే గుర్తు. అంత విశాలమైన బండ మీద ఒక్క అక్షరం ముక్క కనపడదు. ఎక్కడెక్కడి నుంచో ఎక్కే సరదా ఉన్నవాళ్ళు వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎక్కినంత ఎక్కి, ఒక్క గీత కూడా మిగల్చకుండా దిగిపోతారు. జ్యేష్ఠమాసపు తిరణాలలో బావమరుదులు కొమ్ము మీదా, బావలు బండ కిందా నిలబడతారు. పై నుంచి తనకు రావలసిన తిట్టు వచ్చిందాకా ఏ అల్లుడూ ప్రసాదపు తేనె నాలుకకు తాకించడు.

కొమ్మున ఉన్న గుండుకు పగ్గం ఒరిసిన గాడి ఇప్పటికీ వేలు పట్టేంత లోతుగా ఉంది. పుట్టింటితో మాటలు పోయిన ఆడపడుచులు అక్కడికి ఎక్కి, ఆ గాడిలో రెండు చుక్కల తేనె పోసి, అన్ననో తమ్ముణ్ణో తలుచుకుని, నోటికొచ్చిన తిట్టొకటి తిడతారు. కింది బండ ఆ తిట్టును అందుకుని మళ్ళీ పైకి పంపిస్తుంది. మరి స్వామి కూడా ఉత్తరాన ఉన్న తన అత్తవారింటి నుంచి అలాంటి తిట్టు ఒకటి వస్తుందేమోనని, యుగయుగాలుగా చెవి ఒగ్గి కూర్చున్నవాడే కదా!