తరళ కోరిన సాయం

అనగనగా, ఏడాదిలో ఎనిమిది నెలలు మంచు కురిసే ఒక కొండ రాజ్యం. ఆ రాజ్యంలోకి వచ్చే కొండల నడుమ దారికి, కనుమకు, కావలి మనిషి కావలసి వచ్చింది. మంచుతెరలో అక్కడ కళ్ల కన్నా చెవులకే పని ఎక్కువ. “మాకూ ఒక అవకాశం ఇవ్వండి” అని అవయవలోపం ఉన్నవారు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. రాజు హేమాంగదుడు వారికోసమే ఒక పందెం చాటించాడు. గెలిచినవారిదే కొలువు.

చెక్కపలకల మీద నిలబడి మంచుపై జారుతూ కొండను మూడుసార్లు చుట్టాలి. చుట్టు ముగిసినప్పుడల్లా రాజుగారి ఎదుట ఆగి మూడు బాణాలు వేయాలి. గురి తప్పిన ప్రతి బాణానికీ రాళ్లగుట్ట చుట్టూ ఒకసారి తిరిగి రావాలి. అన్నీ ముగించి ముందుగా గెలుపు జెండా దాటినవారిదే గెలుపు. చూపు లేనివారి కోసం గురి వెనుక ఒక చిరుగంట మోగుతూ ఉంటుంది.

తరళకు పుట్టుకతోనే చూపు లేదు. తల్లిని పోషించడానికి ఆమెకు ఆ కొలువు కావాలి. వదిన పింగళ ముందు జారుతూ దారి చెబుతోంది.

“కుడికి, మరదలా! అది దేవదారు చెట్టు. నీ మొగుడు కాదు, వాటేసుకోకు!”

“నువ్వు నోరు మూస్తే కదా వదినా, నాకు గాలి వినబడేది!”

మొదటి చుట్టు అయింది. తరళ విల్లు ఎత్తగానే జనం జాలితో కేకలు వేశారు. “కొట్టు తల్లీ, కొట్టు!” ఒక బాణం తప్పింది.

రెండో చుట్టు అయింది. “పాపం, ధైర్యం చాలడం లేదు. డప్పులు కొట్టండి!” అన్నాడు రాజు. డప్పులు మోగాయి. రెండు బాణాలు తప్పాయి.

అప్పటికి పోటీదారుల్లో ఒంటికాలి ధీరకుడు అందరికన్నా చాలా ముందున్నాడు. మూడో చుట్టు ముగించి, ఆయాసం తీరకుండానే విల్లు ఎక్కుపెట్టాడు. మూడు బాణాలూ తప్పాయి. గొణుక్కుంటూ రాళ్లగుట్ట వైపు వెళ్లాడు.

అంతలో తరళ కూడా మూడో చుట్టు ముగించి వచ్చింది.

“ఆ అమ్మాయి గురిని పది అడుగులు ముందుకు జరపండి” అన్నాడు రాజు.

తరళ చేతులు జోడించింది. “వద్దు ప్రభూ. నాకు దూరం అడ్డు కాదు. చప్పుడే అడ్డు. ఈ కేకల్లో, డప్పుల్లో గంట వినబడడం లేదు.”

“మరి మేమేం చేయాలమ్మా?”

“ఏమీ చేయకండి.”

రాజు చేయి ఎత్తాడు. డప్పులు ఆగాయి, కేకలు ఆగాయి. ఒక సైనికుడు తుమ్మును ముక్కు పట్టుకుని ఆపుకున్నాడు. మైదానమంతటా చిరుగంట ఒక్కటే మోగింది.

తరళ ఊపిరి కుదుటపడేదాకా ఆగింది. ఒక బాణం వేసింది. తగిలింది. రెండోది వేసింది. తగిలింది. మూడోదీ తగిలింది.

“పద మరదలా, ధీరకుడు ఇంకా గుట్ట చుట్టూనే ఉన్నాడు!” అంది పింగళ. ఇద్దరూ జారుతూ వెళ్లి గెలుపు జెండా దాటారు.

కావలి ముద్ర ఆమె చేతిలో పెడుతూ రాజు అడిగాడు. “ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదమ్మా?”

“అంత ప్రేమగా అరుస్తుంటే ఎలా కాదనను ప్రభూ? పైగా, నన్నెవరూ అడగలేదు.”

రాజు తల దించుకున్నాడు.

సాయం చేయాలనుకున్నవారు, ఏం కావాలో ముందుగా ఆ మనిషినే అడగాలి.